చిన్న తొట్టికి సరిపడే చేప

మా మనవరాలి పుట్టినరోజుకు దాని స్నేహితులంతా కలిసి ఒక గాజు తొట్టి బహుమతిగా ఇచ్చారు. తొట్టి అంటే పెద్దదేమీ కాదు. బిస్కెట్ డబ్బాకు కొంచెం అన్న, నీళ్ళ బకెట్టుకు బాగా తమ్ముడు. చేపల్ని మనమే కొనుక్కోవాలట. గోదావరిఖని చౌరస్తా దగ్గర ఈ మధ్య రంగు చేపల దుకాణం ఒకటి వెలిసింది. ఆదివారం పొద్దున ఆ తొట్టిని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వెళ్ళాం. దుకాణం లోపల నీలం లైట్లు, బుడగల చప్పుడు, నాచు వాసన. దుకాణదారు మా తొట్టిని అటూ ఇటూ తిప్పి చూసి, గోల్డ్‌ఫిష్ జత తీసుకొమ్మన్నాడు. "గివి పెద్దగైతయి కద?" అన్నాను. "ఏం ఫికర్ చెయ్యకుండ్రి మేడం. తొట్టి ఎంతుంటే శాప గంతనే పెరుగుతది" అన్నాడు. "మరి మిగతాది ఎటు పోతది?" అని అడిగాను. "ఏ మిగతాది?" అన్నాడు. "పెరగాల్సింది" అన్నాను. అతను ఇంకో వైపు ఉన్న గాజు గిన్నెలు చూపించాడు. వాటిలో ఫైటర్ చేపలు, గిన్నెకొకటి చొప్పున ఉన్నాయి. పైకొచ్చి గాలి పీల్చుకునే రకం, రెండోదాన్ని ఓర్వని రకం. చివరికి అలాంటిది ఒక్కటి, దానికి తోడుగా ఒక నీటి మొక్క తీసుకుని, తొట్టి మాత్రం కొంచెం పెద్దదానికి మార్పించుకుని వచ్చాం. దారిలో మనవరాలు, "అమ్మమ్మా, నువ్వు శాపల గురించి ఎప్పుడు చదివినవ్?" అంది. నేను ముప్పై ఏళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పినదాన్ని. నాకు తెలిసిందంతా చదివి తెలుసుకున్నదే అని దాని నమ్మకం. "చదవలే బిడ్డా. మా ఇంట్ల సచ్చినయి" అన్నాను. అది ఇంకేమీ అడగలేదు. అడగని దానికి జవాబు ఇక్కడ రాస్తున్నాను.

నా చిన్నప్పుడు మేము బొగ్గు గని కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్ళం. రెండు గదులు, ముందర చిన్న వసారా, వెనకాల బొగ్గుల పొయ్యి. పొద్దున లేవగానే క్వార్టర్ల లైను మొత్తం మీద పొగ ఒక దుప్పటిలా పరుచుకునేది. ఇంట్లో గడియారం ఉన్నా ఎవరూ చూసేవాళ్ళు కాదు. గని సైరన్ కూస్తే లేవడం, ఇంకో సైరన్ కూస్తే తినడం. మా నాన్నను బాపు అనేవాళ్ళం. ఆయన పేరు ఓదెలు. బాయిలో, అంటే గనిలో, కప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని ఆయనది. కర్ర పెట్టే ముందు ఇనుప కడ్డీతో కప్పును కొట్టి, ఆ చప్పుడు విని అది గట్టిదో గుల్లదో చెప్పాలి. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చింది. కొత్త కుండ తెస్తే కొట్టి చూసేవాడు, పుచ్చకాయను అందరూ కొడతారు కాబట్టి అది లెక్క కాదు, కాని తలుపును, పెట్టెను, ఒకసారి నా పలకను కూడా కొట్టి చెవి పెట్టి విన్నాడు. ఆయన తల్లిని మేము బాపమ్మ అనేవాళ్ళం. ఊళ్ళో ఉన్న రోజుల్లో ఎందరికో కాన్పులు చేసిన మనిషి. గోదావరిఖనికి వచ్చాక కాన్పులన్నీ దవాఖానలో అవుతుండడంతో ఆమె చేతికి పనిలేక, రోజంతా చింతపండు గింజలు తీస్తూ కూర్చునేది. ఆ చింతపండంతా చేపల పులుసులోకే. మా ఇంట్లో చేప అంటే తినేది. ఇంకో అర్థం ఎవరికీ తెలియదు.

నేను రెండో తరగతిలోనో మూడో తరగతిలోనో ఉండగా అమ్మ కాన్పుకు కంపెనీ దవాఖానకు పోయి ఒట్టి చేతులతో తిరిగి వచ్చింది. తమ్ముడట. కడుపులోనే పోయాడట. నేను చూడలేదు. బాపు, మా పక్క క్వార్టర్లో ఉండే మహబూబ్ చాచా కలిసి తీసుకుపోయి గోదారి ఒడ్డున పెట్టి వచ్చారు. అమ్మ ఏడవలేదు. పని కూడా మానలేదు. అన్నం వండేది, నా జడ వేసేది, బాపుకు సద్ది కట్టేది. ఆ పనుల మధ్య ఖాళీ దొరికితే మాత్రం నులక మంచం మీద గోడవైపు తిరిగి కూర్చునేది. సున్నం వేసిన గోడ. అక్కడ చూడడానికి ఏమీ లేదని నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేను కూడా పక్కన కూర్చుని చాలాసార్లు చూశాను. మాట్లాడిస్తే "ఊఁ" అనేది. నెలలు గడిచినా అదే "ఊఁ".

బాపు దవాఖానలో ఒక నర్సమ్మను అడిగితే ఆమె, "కండ్ల ముందట ఏదన్న కదులుకుంట ఉండాలె అన్నా. మనసు గటు మల్లుతది" అంది. నలుగురిలో తిరగనివ్వమని, బయటికి తీసుకుపొమ్మని ఆమె ఉద్దేశం కావచ్చు. బాపు మాత్రం చెప్పిన మాటను చెప్పినట్టే తీసుకునే మనిషి. బాయిలో అట్లా తీసుకోనివాడు ఎక్కువ రోజులు బతకడు. కదిలేది ఏముందని వెతికి, మొదట ఒక కోడిపిల్లను తెచ్చాడు. అది కదిలింది గాని, పక్కింటికి కదిలింది. ఆ పక్కింటివాడైన మహబూబ్ చాచా దాన్ని చంకలో పెట్టుకుని తిరిగి తెచ్చిచ్చాడు. ఆయన బస్టాండు దగ్గర స్కూటర్లు బాగుచేసే మెకానిక్. ఇంట్లో వాళ్ళు ఉర్దూ మాట్లాడుకునేవాళ్ళు, మాతో మా మాటలు. "ఓదెలన్నా, కోడి ఎందుకు? నేను వరంగల్ల ఒక సేఠ్ ఇంట్ల చూసిన, గాజు డబ్బల శాపలు. చూసుకుంట కూసుంటె దిల్‌కు సుకూన్ అయితది, మనసు నిమ్మలమైతది" అన్నాడు. రెండు రోజులకు తుక్కు దుకాణం నుంచి ఒక గాజు తొట్టి మోసుకొచ్చాడు. పాతకాలంలో పెద్ద బ్యాటరీలు అలాంటి తొట్లలో ఉండేవట. గాజు మందంగా, కొంచెం పచ్చగా ఉంది. ఒక బిందె నీళ్ళు పూర్తిగా పట్టేది కాదు. ఆయన భార్య జహీరక్క దాన్ని బట్టల సోడాతో, చింతపండుతో, మళ్ళీ సోడాతో తోమింది. బాపు వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టి విని, "గట్టిదే" అన్నాడు.

గట్టి తొట్టికి గట్టి చేప కావాలని బాపు కొర్రమట్ట, అంటే కొర్రమీను, పిల్లను తెచ్చాడు. చేపల్లో మొండిది అదే కదా, బురదలో కూడా బతుకుతుంది, సావదు అని ఆయన లెక్క. లెక్క తప్పు కాదు. అది చావలేదు. కాని కదలలేదు కూడా. తొట్టి అడుగున నల్లటి రాయిలా పడుకుని గోడవైపు తిరిగింది. ఇంట్లో ఇద్దరు గోడవైపు తిరిగినవాళ్ళు అయ్యారు. మర్నాడు పొద్దున చూస్తే అది తొట్టిలోంచి ఎగిరి గచ్చు మీద పాకుతోంది. బాపమ్మ అడగకుండానే కత్తిపీట పట్టుకొచ్చింది. బాపు దాన్ని మళ్ళీ నీళ్ళలో వేసి, పైన అన్నం వార్చే సిబ్బి పెట్టి, సిబ్బి మీద ఇటుక పెట్టాడు. అమ్మ కళ్ళ ముందర ఇప్పుడు ఒక సిబ్బి, ఒక ఇటుక ఉన్నాయి. ఆ ఆదివారం పులుసైంది. బాగుందని బాపమ్మ అంది. అమ్మ తినలేదు.

తర్వాత బాపు చెరువుల్లో వదలడానికి చేపపిల్లల్ని అమ్మేవాళ్ళ దగ్గరికి పోయి రవ్వ పిల్లల్ని తెచ్చాడు. వెండిలా మెరిసేవి, క్షణం నిలిచేవి కావు. కదలడమే కావాలంటే ఇంతకంటే కదిలేవి లేవు. ఎన్ని ఎక్కువుంటే అంత మంచిదని తొట్టి నిండా వేశాడు. ఆకలవుతుందని అన్నం మెతుకులు వేశాడు. బాపమ్మ చూడకుండా ఇంకొన్ని వేసింది. నీళ్ళు గంజిలా అయ్యాయి. చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరిచి నిలబడ్డాయి. దేవుణ్ణి తలుచుకుంటున్నాయని బాపమ్మ అంది. అంత తప్పు మాట కూడా కాదు. మర్నాటికి కొన్ని వెల్లకిలా తేలాయి.

అమ్మ కళ్ళ ముందర చావు కనబడకూడదు. బాపుకు ఆ ఒక్క ఫికరే పట్టుకుంది. బాపు మహబూబ్ చాచా ఇంట్లో మూత వేసిన బకెట్టులో ఇంకొన్ని చేపపిల్లల్ని దాచాడు. రోజూ ఫస్టు షిఫ్టుకు పోయే ముందు, అమ్మ వెనకాల పొయ్యి రాజేస్తుండగా, చచ్చినవాటిని తువ్వాలలో చుట్టి తీసుకుపోయి, బకెట్టులోంచి అన్నే కొత్తవి తెచ్చి వేసేవాడు. అంత పెద్ద మనిషి మునివేళ్ళ మీద నడుస్తుంటే మంచం పట్టెలు కూడా నవ్వేట్టు ఉండేది గాని, ఎవరం నవ్వలేదు. ఒకరోజు జహీరక్క గోడ అవతలి నుంచి, "అన్నా, మా ఇంట్ల గూడ మౌత్ అయితున్నయి. బకెట్ల నాలుగే మిగిలినయి, ఏం జెయ్యాలె?" అని గుసగుసగా అడిగింది. గుసగుస ఆమెకు అలవాటు లేదు. లైను మొత్తానికి వినబడింది.

అమ్మ ఆ రోజు నా జడ వేస్తూ, "నిన్నటి దానికి తోక మీద మచ్చుండె. ఇయ్యాల లేదు. మొన్నటిది కుంటుకుంట ఈదుతుండె. గదీ లేదు" అంది. 'ఊఁ' కాని మాట విని నేను తల తిప్పబోతే జడ గట్టిగా లాగింది. సాయంత్రం బాపు డ్యూటీ నుంచి వచ్చి, చెంబెడు నీళ్ళు తాగి, తొట్టి వైపు ఏమీ తెలియనట్టు చూశాడు. అమ్మ మంచం మీద నుంచి లేచి ఆయనకు ఎదురుగా నిలబడింది.

"గంతదాంట్ల గన్నిటిని ఏస్తె వాటికి ఊపిరెట్ల ఆడుతది? నువ్వు బాయిల దిగెటోనివేనా?" అంది.

బాపు చెంబు కింద పెట్టాడు.

"గాలి లేని కాడ మనుషులను నిలవెడుతరా మీరు? మాట్లాడవేంది? రోజూ పొద్దున్నె తువ్వాలల సుట్టుకపోతవు. నాకు తెల్వదనుకున్నవా? ఒక్కొక్కటి పోతుంటె నేను చూస్తలేననుకున్నవా?"

"నువ్వు చూడద్దనె, సరోజనా" అన్నాడు బాపు. పేరు పెట్టి పిలవడం నేను వినడం అదే మొదలు.

"చూస్త. నేనే చూస్త. నువ్విగ తేకు" అంది.

మర్నాడు మిగిలిన చేపలను, బకెట్టులోవాటితో సహా, బాపు చేతనే చెరువులో వదిలించింది. ఆదివారం తలకు నూనె రాసుకుని, చీర మార్చుకుని, ఒక డబ్బా తీసుకుని, నా చెయ్యి పట్టుకుని బజారుకు బయలుదేరింది. దవాఖాన నుంచి వచ్చాక ఆమె గడప దాటడం అదే మొదటిసారి. లైనులో ఆడవాళ్ళు పలకరించారు. అమ్మ "శాపలకు పోతున్న" అని ఒకే జవాబు చెప్పింది. చేపల దగ్గర కూర్చున్న ఆడమనిషి, "ఏం కావాలె అక్కా? పులుసుకా, ఏపుడుకా?" అంది.

"ఉంచుకునేటందుకు."

"ఉంచితె వాసనొస్తది."

"సచ్చినయి గాదు. బతికున్నయి."

"బతికున్నదాన్ని తీస్కపోయి ఏం జేస్తవ్?"

"చూస్త" అంది అమ్మ. ఆ మనిషి అమ్మ ముఖం వైపు చూసి బేరం మాట మానేసింది. "గిక్కడున్నయన్ని గోదారియి అక్కా. పారే నీళ్ళల్ల పుట్టినయి. గిన్నెల బతకయి. నీకు అబద్ధం చెప్పి అమ్మను" అంది. మేము ఖాళీ డబ్బాతో తిరిగి వస్తుంటే ఎండ ముదిరింది. లేబర్ లైన్ల వెనకాల పశువులు తాగే సిమెంటు కుండీ ఒకటుంటే నీడ కోసం దాని పక్కన కూర్చున్నాం. ఆ కుండీలో నీళ్ళ పైపొరకు ఆనుకుని గోరంత గోరంత చేపలు తిరుగుతున్నాయి. బూడిద రంగువి. దోమలు పెరగకుండా మలేరియా వాళ్ళు వదిలిపోయినవి. ఎవరూ మేత వేయరు, ఎవరూ నీళ్ళు మార్చరు. అమ్మ చాలాసేపు వాటినే చూసింది. ఎంత నీళ్ళలో ఎన్ని తిరుగుతున్నాయో, ఏవి దేన్ని తరుముతున్నాయో, నీడకు ఏవి వస్తున్నాయో చూసింది. తర్వాత కొంగు ముంచి కొన్నిటిని పట్టింది. డబ్బాలో పోసి, మళ్ళీ ఆలోచించి, సగం కుండీలోకి వదిలేసింది. కుండీ నీళ్ళే డబ్బాలోకి తీసుకుంది. ఇంటికొచ్చి తొట్టిలో ఆ నీళ్ళే పోసి, కుండీ గోడ నుంచి గీరి తెచ్చిన నాచు కూడా కొంత వేసింది.

బాపు వచ్చి చూసి దిగులుపడ్డాడు. "గివేం శాపలే? రంగు లేదు, రూపు లేదు. మురికినీళ్ళయి" అన్నాడు. "గందుకే బతుకుతయి" అంది అమ్మ. మెతుకులు వేయడానికి బాపమ్మ చెయ్యి చాపితే ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. బతికాయి. ఒక వారం, ఇంకో వారం బతికాయి. అమ్మ మంచం గోడవైపు నుంచి తొట్టివైపు మారింది. జహీరక్క మధ్యాహ్నాలు వచ్చి పక్కన కూర్చునేది. ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు, ఎక్కువగా ఫలానా చేప ఫలానాదాన్ని ఎందుకు తరుముతోందని. దాని వెనుక కుటుంబ కారణాలు ఉన్నాయని జహీరక్క అనుమానం.

అంతా కుదురుకుంటోంది అనుకుంటుండగా ఒక చేపకు పొట్ట పెరిగింది. బాపమ్మ తొట్టి దగ్గర వంగి, కళ్ళు చికిలించి, పాత వృత్తి గుర్తొచ్చినట్టుంది, "ఇది నీళ్ళోసుకున్నదే!" అని పెద్దగా అంది. అని, నాలుక కరుచుకుంది. ఇంట్లో అందరం ఎక్కడివాళ్ళం అక్కడ ఆగిపోయాం. అమ్మ వెనక్కి పోయి అంట్లు తోముకుంది. బాపు, మహబూబ్ చాచా వసారాలో కూర్చుని బీడీలు కాలుస్తూ ఆలోచన చేశారు. కనేదాకా తొట్టిని వాళ్ళింటికి మార్చాలని తేల్చారు. బాపు తొట్టిని రెండు చేతులా ఎత్తేసరికి అమ్మ వచ్చింది.

"ఏడికి?"

"మహబూబ్ ఇంటికి. జహీరక్క కొన్నిరోజులు చూస్త అన్నది."

"కాన్పు అయినంక తెస్తవా?"

బాపు తొట్టి పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. నీళ్ళు చొక్కా మీద ఒలుకుతున్నాయి.

"ఆడ పెట్టు" అంది అమ్మ. పెట్టాడు.

ఒకపూట బడి రోజుల్లో, నేను మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి అమ్మ, జహీరక్క తొట్టికి చెరో పక్క కూర్చుని ఉన్నారు. ఆ చేప ఒక మూలకు చేరి వణుకుతోంది. చూస్తుండగానే దాని కింది నుంచి కనురెప్ప వెంట్రుకంత పిల్ల ఒకటి ముడుచుకుని జారి, అడుగుకు పడుతూ పడుతూ విప్పుకుని, ఈదింది. ఒంట్లో రెండు కళ్ళు తప్ప ఇంకేమీ లేవు. దాని వెనకాల ఇంకొకటి వచ్చింది. జహీరక్క అల్లాను తలుచుకుంది. అమ్మ ఊపిరి బిగబట్టింది. అంతలో పక్కనున్న పెద్ద చేప ఒకటి వచ్చి ఆ పిల్లను మింగేసింది. "హాయ్ అల్లా! తింటున్నయి సరోజనా!" అని జహీరక్క లేచి నిలబడింది.

"చాయ్ జాలి తే బిడ్డా, జల్ది!" అని అమ్మ అరిచింది. నేను పరుగెత్తి తెచ్చాను. అమ్మ ఆ చాయ్ వడపోసే జాలితో చేపపిల్లల్ని ఒక్కొక్కటే ఎత్తి ఇత్తడి గిన్నెలోకి వేయసాగింది. ఎత్తుతూ ఏడవడం మొదలుపెట్టింది. మొదట సన్నగా, తర్వాత లైను మొత్తానికి వినబడేలా, చచ్చిపోయిన తన కొడుకును "అయ్యా, నా కొడుకా" అని పిలిచి ఏడ్చింది. చేతులు మాత్రం ఆగలేదు. జాలి ముంచడం, గిన్నెలోకి దులపడం, మళ్ళీ ముంచడం. బాపమ్మ ఊరుకోబెట్టడానికి వస్తే జహీరక్క అడ్డు నిలబడి, "ఏడ్వనియ్యి అమ్మా. ఇన్ని దినాలు ఆపుకున్నది" అంది. వీధి తలుపు మాత్రం వేసి వచ్చింది.

ఆ తలుపు తోసుకుని బాపు వచ్చాడు. ఒళ్ళంతా బొగ్గు, కళ్ళు మాత్రం తెల్లగా. లైను చివరి నుంచే ఏడుపు విన్నాడట. గడపలో నిలబడి, తాను తెచ్చిన తొట్టి తన ఇంటిని ముంచిందని అనుకున్న మనిషిలా చూశాడు. "ఏమైంది?" అన్నాడు. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "పిల్లలైనయ్. చేతులు కడుక్కొని రా, పట్టుదువు" అంది.

ఆ క్వార్టర్లు ఇప్పుడు లేవు. వాటి కింద బొగ్గుందని తెలిసి ఓపెన్‌కాస్టు గని అటు జరిగింది. మా వసారా ఉన్నచోట ఇప్పుడు గాలి తప్ప ఏమీ లేదు, అదీ చాలా లోతు వరకు. ఈ కాలంలో చేప కొంటే దానితో మేత పొట్లం, గాలి కొట్టే మోటారు, నీళ్ళను పరీక్షించే మందు ఇస్తారు. మనసు బాగాలేకపోతే దానికి డాక్టర్లున్నారు. మంచిదే. అప్పటి రోజులే గొప్పవని నేను అనను. అప్పుడు అలాంటి డాక్టరు ఒకరు ఉండి ఉంటే అమ్మ అన్ని నెలలు సున్నం గోడను చూసేది కాదు. నర్సమ్మ చెప్పిన ఒక్క మాట పట్టుకుని ఒక కార్మికుడు, ఒక మెకానిక్కు కలిసి చేసిన వైద్యం అది. అందులో పోయిన చేపలకు లెక్కలేదు. కాని ఇప్పుడు అన్నీ తెలిసిన దుకాణాల్లో కూడా, చేపను కొనేవాళ్ళు ఎవరు, ఎందుకు కొంటున్నారు అని ముఖం వైపు చూసేవాళ్ళు నాకు కనబడలేదు.

ఆ పిల్లలు పెరిగి పిల్లల్ని పెట్టాయి. అడిగిన ప్రతి ఇంటికీ అమ్మ ఇచ్చింది. ఇచ్చే ముందు, "మీ గిన్నె ఎంతుంటది?" అని అడిగి, చూసి మరీ ఇచ్చేది. హార్లిక్స్ సీసా తెచ్చినవాళ్ళను వెనక్కి పంపింది. ఆ మరుసటేడు మూడు లైన్ల అవతల ఒక కొత్త కోడలికి అమ్మకు జరిగినట్టే జరిగింది. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఒక పొద్దున అమ్మ ఒక వెడల్పాటి గాజు గిన్నెలో మూడు చేపలు వేసుకుని, కొంగు కప్పుకుని వాళ్ళింటికి పోయింది. మధ్యాహ్నం సైరన్ కూసినా రాలేదు. బాపు షిఫ్టు నుంచి వచ్చి తానే అన్నం పెట్టుకుని తిన్నాడు. పొద్దు వాలాక అమ్మ ఖాళీ చేతులతో వచ్చి కాళ్ళు కడుక్కుంది.

"ఇంతసేపు ఏం జెప్పినవ్ ఆ పిల్లకు?" అని బాపు అడిగాడు.

"ఏం జెప్పలే. నీళ్ళు అన్ని ఒక్కసారె మార్చద్దని జెప్పిన" అంది అమ్మ.